ఇస్త్రీ చొక్కాలు చెప్పిన వాయిదా

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. రెండోసారి ఒక్కటి అర్థమైంది, నాకు చదువు రాదని. ఆ ఒక్క ముక్క పట్టుకునే ఇంతకాలం బతుకు లాక్కొచ్చాను. తాండూరులో ఆటో నడుపుతాను. నా ఆటోకు హారన్ పనిచేయదు. డ్రైవరు నోరుండగా హారన్ ఎందుకని మెకానిక్కే దాన్ని వదిలేశాడు.

నోరున్నవాడికి ఒక లాభముంది. వాగేవాడికి చెవులు కూడా ఉంటాయని ఎవరికీ తోచదు. వెనక సీట్లో కూర్చుని జనం ఇంట్లో చెప్పుకోలేనివి కూడా చెప్పుకుంటారు. భార్యాభర్తలు కొట్లాడుకుంటారు, పెళ్లి సంబంధాలు చెడగొట్టుకుంటారు. నేను అద్దంలో రోడ్డు చూస్తున్నట్టు చూస్తూ అన్నీ వింటాను.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం, రైల్వే స్టేషన్ దగ్గర ఒకాయన ఎక్కాడు. ఊరి చివరి బండల పాలిష్ షెడ్డు మేనేజరుకు బామ్మర్ది. రోజూ బులెట్ బండి మీద తిరిగే మనిషి, ఆ రోజెందుకో నా ఆటో ఎక్కాడు. కూర్చోగానే ఫోన్ తీశాడు.

“బుధవారంతో కతం,” అన్నాడు ఫోన్లో. “కాగితం మల్ల వాపస్ వచ్చిందట. ఆళ్లు ఊర్లె లేరు, ఫోన్ లేదు. సాక్షి దొరకలేదని రాసుకుంటరు, అయిపాయె. నువ్వు ఫికర్ పెట్టుకోకు బావా.”

ఫోన్ జేబులో పెట్టుకొని నా వీపు మీద తట్టాడు. “ఏందన్నా, ఇయ్యాల జోక్ లేదా?”

“ఆదివారం సెలవన్నా,” అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. అది అంత నవ్వాల్సిన మాట కాదు. మనసులో బరువు దిగినవాడు దేనికైనా అట్లా నవ్వుతాడు. 

ఆ సాక్షి ఎవరో నాకు తెలుసు. కుల్కచర్ల దిక్కు ఒక ఊరి నుంచి వచ్చి, తాండూరులో గది తీసుకొని, ఒక తల్లీ బిడ్డా ఆ షెడ్డులో పనిచేసేవాళ్లు. గొర్లు కాసే ఇంటివాళ్లు. ఇంటాయన మంద వెంట ఉండేవాడు, ఆడవాళ్లిద్దరూ బండల పనికి వచ్చేవారు. రోజూ గేటు దగ్గర దింపింది నేనే. తల్లిని అక్కా అనేవాణ్ని, ఆ వరసన బిడ్డ నన్ను మామా అనేది. పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి ఆ పిల్లకు. ఒంటినిండా రాతి పొడితో ఆటో ఎక్కితే, “పెళ్లికి పౌడర్ జర ఎక్కువైంది బిడ్డా” అనేవాణ్ని. “నీకంటే నయమే మామా, నువ్వు కడుక్కున్నా గట్లనే ఉంటవ్” అనేది.

ఆ షెడ్డులో మేనేజరు ఆమెకు చేసిన అన్యాయమేమిటో నేను రాయను. అది నేను చెప్పాల్సింది కాదు. ఆ పిల్ల తల్లిని వెంటబెట్టుకొని ఠాణాకు పోయి చెప్పింది. కేసు రాశారు. వాణ్ని పట్టుకుపోయారు. ఇంతవరకు ఊరందరికీ తెలుసు.

తర్వాతి సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకరోజు అక్క బజారులో పుచ్చకాయ బేరం చేస్తూ పక్కకు చూస్తే, పక్క బండి దగ్గర వాడు నిలబడి కాయ తట్టి చూస్తున్నాడట. సంచి అక్కడే వదిలేసి నా ఆటో దగ్గరికి వచ్చింది.

“తమ్మీ, వాడు బయటున్నడు.”

“ఎవరక్కా?”

“వాడే. కాయ కొంటున్నడు.”

బెయిలు వచ్చిందట. వచ్చి చాలా రోజులైందట. “లోపలేసిన్నాడు పేపర్ల రాసిరి,” అంది అక్క ఆటోలో కూర్చొని. “బయటికిడిచిన్నాడు మాకొక్క మాట చెప్పకపోతిరి. నా బిడ్డ రోజు గదే తొవ్వల నడుస్తుంది గద తమ్మీ.” నాకు ఆ రోజు ఒక్క హాస్యం కూడా పుట్టలేదు.

ఆ వారమే ఫోన్లు మొదలయ్యాయి. కొత్త నంబర్లు. కొందరు రాజీ అన్నారు, కొందరు ఏమీ అనకుండా ఊపిరి మాత్రం వినిపించేవారు. ఆ పిల్ల సిమ్ము తీసి మోరీలో పారేసింది. గది ఖాళీ చేసి, తల్లీబిడ్డలు ఇంటాయన దగ్గరికి, మందకు పోయారు. పోతూ నాతో కూడా చెప్పలేదు. కేసు ఉంది, పిలిస్తే వస్తాం అనే ధైర్యం మీద పోయారు. సర్కారు పిలుస్తుందని వాళ్ల నమ్మకం.

సోమవారం పొద్దున్నే వికారాబాద్ పోయాను. ఏ ఆఫీసు, ఏ కిటికీ అనేది చెప్పను. కిటికీ అవతల కళ్లద్దాల గుమస్తా, మర్యాదస్తుడే, కూర్చోమని కూడా అన్నాడు.

“సార్, గా షెడ్డు కేసు బుధవారం ఉందా?”

“నువ్వు ఎవరవ్?”

“ఆటో నడుపుత.”

“ఆటోవాళ్లకు చెప్పం గద.”

“నాకు వద్దు సార్. ఆ పిల్లకు చెప్పాలె. ఆమెకు ఎరుక లేదు.”

“ఆమెకు సమన్లు పోతయి. పోలీసోళ్లు ఇస్తరు,” అన్నాడు. “చూడు, గిసొంటి కేసుల సంగతి బయట పెట్టొద్దు. కంప్యూటర్ల కొట్టినా కనపడది. ఆడపిల్ల పేరు నలుగురి నోట్లె పడొద్దని. ఆమె మంచికే.”

ఆయన అన్నదాంట్లో నాకు తప్పు కనిపించలేదు. తాండూరు నోళ్లు నాకంటే ఎవరికి తెలుసు, వాటిలో నాదీ ఒకటి. కానీ అదే సంగతి ఆదివారం నా ఆటోలో ఒకడు కాళ్లు చాపుకొని ఫోన్లో చెప్పాడు. ముద్దాయికి ప్రతి వాయిదా తెలుస్తుంది, తెలియాలి కూడా, లేకపోతే వాడు హాజరు కాలేడు. ఆమెకు తెలియడానికి ఉన్నది ఒక్క కాగితం. అది తాళం వేసిన తలుపు చూసి తిరిగి వచ్చింది.

అక్కడి నుంచి నేరుగా వాళ్ల ఊరికి పోయాను. ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద ఇంటాయన మేనత్త చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది.

“అవ్వా, మంద ఎటు పోయింది?”

ముసలామె తల ఎత్తలేదు. “పొద్దు పోయిన దిక్కు.”

గొర్ల కాపర్ల ఇళ్లలో ఇదొక పట్టింపు. మంద కదిలేటప్పుడు ఎటు పోతుందో పైవాళ్లతో చెప్పరు. దొంగలు వెనకబడతారని, దిష్టి తగులుతుందని, జీవాలకు రోగమొస్తుందని. అడిగినా చెప్పరు, అడిగినవాణ్ని మంచిగా చూడరు. నాకు తెలిసే అడిగాను.

“నేను గొర్లెత్కపోయేటోని లెక్క కనపడుతున్ననా అవ్వా?”

“గొర్లెత్కపోయేటోడు గూడ గిట్ల మొఖం మీద అడగడు కొడుకా. వాడికి శరముంటది.”

“సరే. పోలీసాయన వచ్చిండా?”

అప్పుడు తలెత్తింది. మొహంలో గర్వం. “వచ్చిండు. మంద ఎటు పోయిందన్నడు. నాకెర్క లేదన్న. మల్ల వచ్చిండు. మల్ల గదే చెప్పిన. ఇంకోపారి వచ్చి వాడకట్టు మొత్తం అడిగిండు. ఒక్కడు నోరిప్పలే. కొట్టినా చెప్పకపోదుము.”

“ఎందుకు కావాల్నో చెప్పిండా?”

“అడిగిన. అది చెప్పొద్దట. గోప్యమట.” పిక్క ఒకటి దూరంగా విసిరింది. “ఆయనకు గోప్యమైతే మాకు గాదా?”

నేను అరుగు మీద కూలబడ్డాను. పోలీసాయన ఆ పిల్ల పరువు కాపాడాడు. వీళ్లు మందను కాపాడారు. ఇద్దరూ తమ పని నిజాయితీగా చేశారు. ఆ కాగితం మీద “ఊరు విడిచి పోయారు” అని రాసి ఉంటాడు, అబద్ధం కూడా కాదు. బుధవారం జడ్జి ముందు ఆ ముక్క చదువుతారు, వాడు ఇంటికి పోయి స్నానం చేసి అన్నం తింటాడు.

“అవ్వా,” అన్నాను, “ఆయన అడిగింది గొర్లను గాదు. నీ మనవరాలిని. ఆమె పోయి చెప్పకపోతే ఎల్లుండి వాణ్ని ఇడిచిపెడ్తరు.”

ముసలామె చేతులు ఆగిపోయాయి. ఏదైనా తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండేది.

“నీళ్లు దగ్గరున్న కాడ,” అంది చివరికి. అది చెప్పడానికే ఆమెకు పానం పోయినంత పనైంది.

ఎండాకాలం ఈ దిక్కున నీళ్లు ఎన్ని చోట్ల ఉంటాయి? మంగళవారం తెల్లారేసరికి కోట్‌పల్లి ప్రాజెక్టు గట్టు మీద ఉన్నాను. నీళ్లు లోపలికి గుంజుకుపోయి, తడి ఆరని అంచు పొడుగునా గడ్డి పచ్చగా ఉంది. పడవ షికారు కోసం పట్నం నుంచి వచ్చేవాళ్లు ఇటువైపు నిలబడి ఫోటోలు దిగుతారు, మందలు అటువైపు ఉంటాయి. చుట్టూ తిరిగి పోయేసరికి ఒక దున్నిన చేనులో జీవాలు కనిపించాయి. రైతు ఎరువు కోసం మంద పెట్టించుకున్న చేను. ఆ పిల్ల ఒక గొర్రెపిల్లను చంకలో పెట్టుకొని నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆమె మొదట నా వెనక రోడ్డు చూసింది. ఇంకెవరైనా వచ్చారేమోనని. ఆ చూపు నేను మరిచిపోలేను.

“ఒక్కన్నే బిడ్డా. నాతోని ఎవలొస్తరు?”

అక్క నీళ్లిచ్చింది. విన్నదంతా చెప్పాను. అక్క పెనిమిటి కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. అక్క మాత్రం ఒప్పుకోలేదు. “పోవద్దు తమ్మీ. ఆళ్లు మందిని పెట్టుకొని ఉంటరు. ఈడున్నమని ఎవనికీ తెల్వదు, గిట్లనే ఉంటం.”

“ఎన్నొద్దులు?” అంది ఆ పిల్ల.

“ఏంది?”

“ఎన్నొద్దులు గిట్లనే ఉంటం అమ్మా? వాడు పండ్లు కొనుక్కుంట తిరుగుతడు, మనం నీళ్ల పొంటి తిరగాల్నా?” గొర్రెపిల్లను తండ్రి చేతికిచ్చింది. “ఆధార్ కార్డు యాడుంది?”

అదే రోజు మధ్యాహ్నం మళ్లీ ఆ కిటికీ. గుమస్తా నన్ను గుర్తుపట్టాడు.

“సార్, నా కేసు రేపుందా?” అని ఆ పిల్ల అడిగింది.

“పేరు?”

చెప్పింది. కార్డు చూపింది. ఆయన కంప్యూటర్ వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు. మొహం ఇబ్బందిగా పెట్టాడు. “మీ పేరు ఇండ్ల ఉండదమ్మా. రాయరు. రాయొద్దు గూడ. మరి గా కేసుల పిల్ల మీరే అని నేనెట్ల అనుకోవాలె?”

“నేను గాకపోతే ఇంకెవరు సార్?”

“అది నిజమే గాని...” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “సర్కారు వకీలును కలువుండ్రి. ఆయనకు తెలుసు. రేపు పొద్దుగాల వస్తడు.”

వకీలు వచ్చేదాకా రేపు వాయిదా ఉందో లేదో తెలియదు, వాయిదా ఉంటే, వకీలు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోవచ్చు. ఆమె పేరు జనం చూడొద్దని మంచి మనసుతో ఒక తలుపు పెట్టారు. జనం సంగతి నాకు తెలియదు గానీ, ఆ తలుపు బయట మిగిలింది ఆమే.

ఆ రాత్రికి మంద దగ్గరికే తిరిగిపోయాం. బుధవారం పొద్దున కోట్‌పల్లి నుంచి వస్తుంటే ఒక తెల్లకారు మా వెనకబడింది. ముందుకు పొమ్మని చెయ్యి ఊపాను, పోలేదు. అనంతగిరి గుట్టల మధ్య మలుపుల్లో నేను నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది. వెనక సీట్లో అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్ల మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. గుట్ట దిగాక టీ హోటల్ ముందు కారు ఆగిపోయింది. కావాలనే వెంటాడిందో, ఆ దారే దానిదో, ఇప్పటికీ చెప్పలేను. వాళ్లకు మేం వస్తున్నట్టు తెలిసే అవకాశం లేదు. కానీ ఆదివారం దాకా నాకూ చాలా సంగతులు తెలిసే అవకాశం లేదు.

కోర్టు దగ్గరికి వచ్చాం. వకీలు గదికి తాళం. ఈ రోజు మా రోజో కాదో ఎవరిని అడగాలి? అప్పుడు చెట్టు కింద వాళ్లు కనబడ్డారు. మేనేజరు, బామ్మర్ది, ఇంకా నలుగురు. అందరూ తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కాల్లో, కొత్త అల్లుళ్లలా. మా వాయిదా మాకు చెప్పింది ఆ చొక్కాలే.

ఆ పిల్లను చూసిన క్షణం వాళ్ల మాటలు ఆగిపోయాయి. ఎవరూ అరవలేదు, అడ్డం రాలేదు. ఒకరి తర్వాత ఒకరు ఇటు తిరిగారు, అంతే. మందలో జీవాలన్నీ ఒక్కసారిగా మేయడం ఆపి తల ఎత్తితే కాపరికి ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

బంట్రోతు వరండాలోకి వచ్చి కేసు నంబరు, ముద్దాయి పేరు పిలిచాడు. మేనేజరు చొక్కా సర్దుకొని లోపలికి పోయాడు. ఆ పిల్ల వెనకనే నడిచింది. తలుపు దగ్గర ఆడ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టింది.

“బయటోళ్లు రావద్దు. ఇది తలుపు మూసి నడిపే కేసు.”

“ఆ తలుపు మూసేది నా కోసమే అక్కా,” అంది ఆ పిల్ల.

కానిస్టేబుల్ ఆమె మొహంలోకి చూసింది. కార్డు తీసుకొని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

ఆ తలుపు ముందు మేం నిలబడ్డ సేపు ఎంతో నాకు తెలియదు. లోపల ఎవరిదో గొంతు సాఫీగా, విసుగ్గా చదువుకుంటూ పోతోంది. సాక్షి దొరకలేదనే ముక్క చదువుతున్నారేమో. చదివి ముగిస్తే, జడ్జి సంతకం చేస్తే, తర్వాత ఎన్ని తలుపులు కొట్టినా ఎవరు తీస్తారు? అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు దిగిన గుర్తు తర్వాత చూసుకున్నాను.

లోపలి గొంతు ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది.

“రా బిడ్డా,” అంది కానిస్టేబుల్.

ఆమె పోయింది. తలుపు మళ్లీ మూశారు. ఈసారి ఆమె అటువైపు ఉంది.

మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. బామ్మర్ది వచ్చి నా పక్కన, భుజం తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. కోపం లేదు మొహంలో. కోపముంటే నాకు భయం తగ్గేది.

“నీ ఆటోలనే వచ్చిందా?” అన్నాడు మెల్లగా.

“కిరాయికొచ్చింది అన్నా.”

“నీ ఆటో నంబరు నాకు నోటికొచ్చు.”

“నాకు రాదు అన్నా. బండి యాడన్న పోతే జర నువ్వే చెప్పాలె పోలీసోళ్లకు.”

ఆదివారం అంతగా నవ్విన మనిషి ఆ రోజు నవ్వలేదు. లేచి పోయాడు. నోరు చేసిన పనికి శిక్ష ఆటోకు పడింది. ఆ తర్వాత చాలా రోజులు ఆటో ఇంటి ముందు కాకుండా చుట్టాల దొడ్లో పెట్టాను.

మధ్యాహ్నం దాటాక ఆమె బయటికి వచ్చింది. ఏడ్చిన కళ్లే, కానీ నడక మందలో నడిచినట్టే ఉంది, ఎక్కడ అడుగు వేయాలో తెలిసిన నడక. అక్క ఎదురుపోయి గట్టిగా పట్టుకుంది. “అంత చెప్పిన అమ్మా,” అంది. “ఆళ్ల వకీలు అడిగినయి గూడ చెప్పిన.” తీర్పు ఎప్పుడు అంటే, తర్వాత చెప్తారని అన్నారట. ఎవరికి చెప్తారో అనలేదట.

ఆటో దగ్గరికి నడిచాం. నా నోటికి పొద్దుటి నుంచి పెద్దగా పనిలేదు. పైగా అంతసేపు తలుపు బయట కూర్చున్నవాణ్ని, లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలని మనసు పీకుతోంది. ఆమెను నవ్వించాలని కూడా ఉంది.

“నీ కోసం మూడు దినాలు డీజిల్ కాల్చిన బిడ్డా,” అన్నాను. “లోపల ఏమేమి అడిగిరి, నువ్వేమంటివి, గంతన్న చెప్పు. నేను ఎవలికి చెప్ప.”

ఆ పిల్ల ఆటోలో ఒక కాలు పెట్టి ఆగింది.

“నీకు చెప్తే తాండూరు స్టేషన్ల బండి ఆగకముందే అందరికి ఎరుకైతది మామా. లోపలి ముచ్చట నాది, నాతోనే ఉంటది. తీర్పు ఏ దినమో, గది అందరిది. నోరు ఊకోకపోతే ఆ కిటికీ కాడికి పొయ్యి గది అడుగు. మేం ఈడ్నే కూసుంటం.”